ఫలకం సంగతి 2036లో చూద్దురు గానీ, ముందు ఆ ఇల్లు ఎక్కడో రాసి పెట్టండి

ఇంగ్లిష్ హెరిటేజ్‌లో లండన్ నీలి ఫలకాల వ్యవహారం చూసే పెద్దలకు నమస్కారం.

నేను పశ్చిమ లండన్‌లో, యాక్టన్ దగ్గర ఉంటున్న తెలుగువాణ్ణి. నటుడు అలన్ రిక్‌మన్ గురించి మీకు ఈ ఉత్తరం. మీ నిబంధన తెలియక రాయడం లేదు. మనిషి పోయి ఇరవై ఏళ్లు నిండితే గానీ మీరు పేరు తీసుకోరు, ఆయన పోయింది 2016 జనవరి 14న, అంటే 2036 దాకా మీ గుమ్మం తొక్కి లాభం లేదు. అందుకే ఇంగ్లిష్‌లో ఫారం నింపే పని పెట్టుకోకుండా తెలుగులో బహిరంగ లేఖ రాస్తున్నాను. ఎవరైనా చదివి మీకు అర్థం చెప్తే సంతోషం. చెప్పకపోయినా ఈలోపు మా వాళ్లు నలుగురు చదువుతారు, ఆ నలుగురికీ ఇది తెలియడం కూడా నాకు కావలసిందే.

మా వాళ్ల కోసం ముందు ఒక ముక్క. లండన్ వీధుల్లో పాత ఇళ్ల గోడల మీద గుండ్రటి నీలం బిళ్లలు కనిపిస్తాయి కదా, ఫలానా మనిషి ఇక్కడ ఉండేవాడు అని తెల్లక్షరాలతో, అవే ఇవి. 1866లో సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ వాళ్లు మొదలుపెట్టారు, తర్వాత లండన్ కౌంటీ కౌన్సిల్, ఆ తర్వాత గ్రేటర్ లండన్ కౌన్సిల్, 1986 నుంచి ఇంగ్లిష్ హెరిటేజ్. ఇప్పటికి వెయ్యి దాటాయి. వెస్ట్ కెన్సింగ్టన్‌లో బారన్స్ కోర్ట్ రోడ్డు మీద లా చదివే రోజుల్లో గాంధీ ఉన్న ఇంటికి ఒకటుంది, నాటింగ్ హిల్‌లో ఎల్గిన్ క్రెసెంట్ మీద నెహ్రూ ఉన్న ఇంటికి ఒకటుంది. ఇండియా నుంచి చుట్టాలొస్తే ఆ రెండూ చూపించడం మా ఇళ్లలో మామూలే. దగ్గరికెళ్లి చూస్తే ఆ బిళ్ల అనుకున్నంత సన్నంగా ఉండదు. దాదాపు అరమీటరు వెడల్పు, రెండంగుళాల మందం, మధ్యలో కొంచెం ఉబ్బి ఉంటుంది, వాన పడితే దుమ్ము దానంతటదే జారిపోవడానికి. అక్షరాలను చేత్తో తడిమితే పైకి తేలి ఉన్నట్టు తెలుస్తుంది. అంత ఓపికగా చేసే పని కాబట్టే మీతో మాట్లాడాలనిపించింది.

ఇక రిక్‌మన్. మా తెలుగు పిల్లలకు ఆయన 'హ్యారీ పాటర్' సినిమాల్లో స్నేప్ మాస్టారు, అంతకు మించి పెద్దగా తెలియదు. వాళ్ల అమ్మానాన్నల తరానికి టీవీలో ఎన్నిసార్లు వేసినా కూర్చుని చూసే 'డై హార్డ్'లో సూటు వేసుకున్న దొంగ. రెండూ ఒకే మనిషని చెప్తే ఆశ్చర్యపోయిన వాళ్లను నేను చూశాను. ఆ రెంటికీ మధ్యా, వాటికి ముందూ ఏముందో వాళ్లకు చెప్పే మనిషి లేడు. సినిమా వాళ్ల జీవితాలంటే మన దగ్గర సాధారణంగా ఎవరి కొడుకు, ఎవరి అల్లుడు అన్న దగ్గర మొదలవుతాయి. ఈయనది అలా మొదలు కాలేదు.

1946 ఫిబ్రవరి 21న యాక్టన్‌లో పుట్టాడు. నాన్న బెర్నార్డ్ ఫ్యాక్టరీ కార్మికుడు, ఇళ్లకు రంగులు కూడా వేసేవాడు, ఐరిష్ మూలాలున్న క్యాథలిక్. అమ్మ మార్గరెట్‌ది వేల్స్ వైపు కుటుంబం, మెథడిస్ట్. నలుగురు పిల్లల్లో ఈయన రెండోవాడు. ఎనిమిదేళ్ల వయసులో నాన్న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. కౌన్సిల్ వాళ్లు, అంటే మన మునిసిపాలిటీ లాంటివాళ్లు, ఆ కుటుంబానికి వార్మ్‌వుడ్ స్క్రబ్స్ జైలుకు పడమటి వైపు, యాక్టన్‌లో ఒక ఎస్టేట్‌లో, అంటే కౌన్సిల్ అద్దె ఇళ్ల కాలనీలో, ఇల్లు ఇచ్చారు. అమ్మ పోస్టాఫీసులో పనిచేసి నలుగురినీ పెంచింది. మధ్యలో మళ్లీ పెళ్లి చేసుకుంది, అది మూడేళ్లకు మించి నిలవలేదు.

ఆ ఇల్లే నాకు కావలసింది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

అక్కణ్ణుంచి ఆ పిల్లవాడు హామర్‌స్మిత్‌లోని లాటిమర్ అప్పర్ స్కూలుకు స్కాలర్‌షిప్ మీద వెళ్లాడు, నాటకాలు అక్కడే అంటుకున్నాయి. (హ్యూ గ్రాంట్ కూడా తర్వాత రోజుల్లో ఆ బడి పిల్లాడే, కానీ అది వేరే కథ.) అయినా నటుణ్ణవుతానని బయటికి అనలేదు. బొమ్మలు బాగా వేసేవాడు కాబట్టి చెల్సీ ఆర్ట్ కాలేజీ, తర్వాత రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్, గ్రాఫిక్ డిజైన్. కూటికి నటన కంటే ఇదే నమ్మకమైన దారని లెక్క వేసుకున్నాడు, ఆ లెక్క మనకు బాగా తెలిసిందే. స్నేహితులతో కలిసి గ్రాఫిటీ అనే పేరుతో డిజైన్ స్టూడియో పెట్టాడు, పనులు కూడా బాగానే వచ్చేవి. ఇరవై ఆరేళ్లప్పుడు, 1972లో, రాడాకు ఉత్తరం రాసి, ఆడిషన్ ఇచ్చి, సీటు తెచ్చుకుని, నడుస్తున్న స్టూడియోను వదిలేసి వెళ్లిపోయాడు. రాడా అంటే రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్, బ్లూమ్స్‌బరీలో ఉంటుంది. మా ఇళ్లలో ఇరవై ఆరేళ్ల కుర్రాడు వచ్చి, ఆఫీసు మూసేస్తున్నా, నాటకాల బడిలో చేరుతున్నా అంటే ఆ రాత్రికి ఎంతమంది బాబాయిలు ఫోన్ చేస్తారో మీకు తెలియదు.

అక్కడ ఖర్చులకు ఏం చేశాడంటే, తెర వెనక పెద్ద నటులకు దుస్తులు తొడిగే పని. రాల్ఫ్ రిచర్డ్‌సన్‌కీ, నైజెల్ హాథార్న్‌కీ డ్రెస్సర్‌గా చేశాడు. రోజూ సాయంత్రం ఒక మహానటుడి కోటు గుండీలు సర్ది, ఆయన వేదిక మీదికి వెళ్లాక పక్క తెర వెనక నిలబడి చూడటం. ఏ క్లాసులో చెప్తారు అంతకంటే మంచి పాఠం? ఇంకో తమాషా ఉంది. ప్రపంచమంతా ఏ గొంతు విని మురిసిపోతుందో ఆ గొంతు గురించే, నీ మాట మురుగు గొట్టం వెనక నుంచి వస్తున్నట్టుందని రాడాలో గొంతు నేర్పే టీచరు అన్నారట. ఆ మాట ఆయనే ఇంటర్వ్యూల్లో నవ్వుతూ చెప్పుకునేవాడు. ఆ గొంతును ఆయన దాచలేదు, దానితోనే పని చేయించుకున్నాడు. పదాలను తొందరపెట్టకుండా, వాక్యం మధ్యలో ఎక్కడ ఆగాలో ముందే తెలిసినట్టు మాట్లాడతాడు చూడండి, ఎదుటివాడు ఎంత గట్టిగా అరుస్తుంటే ఈయన అంత మెల్లగా అంటాడు, అదీ సంగతి.

1978లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో చేరాడు, పెద్దగా సంతోషంగా ఉన్నది లేదు, ఏడాది తిరగ్గానే బయటికొచ్చి చిన్న చిన్న థియేటర్లలో కొత్త నాటకాలు వేశాడు. 1982లో బీబీసీ సీరియల్‌లో ఒబదయ్య స్లోప్ అనే నంగనాచి పాదిరీ వేషంతో ఇళ్లలో జనానికి మొహం తెలిసింది. ముప్ఫై ఆరేళ్లు అప్పటికి. 1985లో మళ్లీ అదే షేక్‌స్పియర్ కంపెనీ పిలిచింది. స్ట్రాట్‌ఫర్డ్‌లో వాళ్లకు 'ది అదర్ ప్లేస్' అని ఒక చిన్న నాటకశాల ఉండేది, నిజానికి రేకుల షెడ్డు. అందులో, పట్టుమని పదడుగుల దూరంలో జనం కూర్చుని చూస్తుండగా, క్రిస్టఫర్ హ్యాంప్టన్ రాసిన 'లే లియాజోన్ డాంజెరూజ్' నాటకంలో వాల్మోంట్ వేషం వేశాడు. ఆడవాళ్లను ఆటబొమ్మల్లా ఆడించి చివరికి తన ఆటలో తానే పడిపోయే ఫ్రెంచి దొర. ఆ రేకుల షెడ్డు నుంచి నాటకం లండన్ వచ్చింది, లండన్ నుంచి 1987లో న్యూయార్క్ నాటకరంగం బ్రాడ్‌వేకి వెళ్లింది, ఆయనకు టోనీ అనే పెద్ద నాటక అవార్డుకు నామినేషన్ వచ్చింది. తీరా దాన్ని సినిమాగా తీసినప్పుడు ఆ వేషం జాన్ మాల్కోవిచ్‌కు ఇచ్చారు. కడుపు మండే విషయమే. కానీ బ్రాడ్‌వేలో ఆ ఆట చూసిన సినిమావాళ్ల వల్లే 'డై హార్డ్' వచ్చింది, కాబట్టి ఎవరిని తిట్టాలో నాకూ తెలియడం లేదు.

'డై హార్డ్' 1988లో విడుదలైంది. నలభై రెండేళ్లకు మొదటి సినిమా. ఈ అంకె దగ్గర మా వాళ్లను కాసేపు ఆగమంటాను, మన పరిశ్రమలో నలభై రెండుకు కొత్త ముఖం అంటే అన్నయ్య వేషానికో బావ వేషానికో పిలుస్తారు. ఈయన కొత్తవాడై ఉండి కూడా ఒక చీటీ రాసి పెట్టాడు, నేను టెర్రరిస్టు బట్టల్లో కాకుండా సూటులో ఉంటే ఎలా ఉంటుంది, అప్పుడు బందీల్లో ఒకణ్ణని నమ్మించి హీరోను బోల్తా కొట్టించొచ్చు కదా అని. సినిమా చూసినవాళ్లకు ఆ సీను గుర్తుండే ఉంటుంది, ఈయన వేసిన విలన్ గ్రూబర్ ఒక్కసారిగా భయపడ్డ అమెరికన్‌లా మాట్లాడి చేతులెత్తే సీను. అది ఆ చీటీ వల్ల వచ్చింది. ఇక చివర్లో పైనుంచి పడిపోయేటప్పుడు ఆయన మొహం, అది సగం నటన, సగం నిజం. లెక్కపెట్టి వదులుతామని చెప్పి చెప్పినదానికంటే ముందే వదిలేశారు. సినిమాల్లో విలన్ చావులు నేను చాలా చూశాను, అంత నిజంగా బిత్తరపోయిన మొహం ఇంకొకటి చూడలేదు.

ఆ తర్వాత హాలీవుడ్ చేసే పని మీకూ తెలుసు మాకూ తెలుసు, ఒకసారి విలన్‌గా పండితే జీవితాంతం అదే పళ్లెంలో వడ్డిస్తారు. ఆయన 1991లో మళ్లీ విలన్ వేషానికి ఒప్పుకున్నాడు, 'రాబిన్ హుడ్' సినిమాలో నాటింగ్‌హామ్ షెరీఫ్‌గా. అదీ స్నేహితులైన రచయితలను కూర్చోబెట్టుకుని తన డైలాగులకు పదును పెట్టించుకుని మరీ. హీరో ఎవరో మర్చిపోయి జనం ఈయన్ను చూశారు, బ్రిటిష్ సినిమా అవార్డు బాఫ్టా ఇచ్చారు. దానికి కొద్దిగా ముందు 'ట్రూలీ, మ్యాడ్లీ, డీప్లీ'లో చచ్చిపోయి తిరిగొచ్చిన ప్రియుడు, 1995లో 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'లో నోరు తెరిచి ప్రేమ చెప్పలేని కర్నల్ బ్రాండన్, 1996లో ఒకవైపు ఐర్లండ్ నాయకుడు డి వలేరా, ఇంకోవైపు రష్యా జార్ కొలువులోని రస్పుటిన్. రస్పుటిన్‌కు ఎమ్మీ, గోల్డెన్ గ్లోబ్ వచ్చాయి. ఆస్కార్ నామినేషన్ మాత్రం జీవితంలో ఒక్కటీ రాలేదు. ఆ తగాదా వేరేవాళ్లతో పెట్టుకోవాలి, మీతో కాదు.

స్నేప్ గురించి ఎక్కువ రాయను. 2001 నుంచి 2011 దాకా ఎనిమిది సినిమాలు. చివరి పుస్తకం ఇంకా రాకముందే ఆ పాత్ర లోపల ఏముందో రచయిత్రి ఆయనకు ఒక చిన్న రహస్యం చెప్పింది, ఎవరికీ చెప్పకుండా దాన్ని మనసులో పెట్టుకుని ఏళ్ల తరబడి నటించాడు. కథ మొత్తం తెలిశాక మొదటి సినిమా మళ్లీ వేసుకుని చూడండి, ఆ పిల్లవాడి వైపు చూసే చూపులో అసహ్యం ఒక్కటే ఉండదు.

నేను గట్టిగా చెప్పదలచింది ఆయన నాటకాన్ని ఎప్పుడూ వదల్లేదన్న సంగతి. హాలీవుడ్ డబ్బు చూశాక, 1992లో, నలభై ఆరేళ్ల వయసులో హామ్లెట్ వేశాడు, అదీ వెస్ట్ ఎండ్ పెద్ద థియేటర్ల మెరుపుల్లో కాదు, మా హామర్‌స్మిత్ రివర్‌సైడ్ స్టూడియోస్‌లో, జార్జియా దేశం నుంచి వచ్చిన దర్శకుడు రాబర్ట్ స్టురువాతో. 1998లో నేషనల్ థియేటర్‌లో హెలెన్ మిరెన్‌తో కలిసి 'ఆంటోనీ అండ్ క్లియోపాట్రా'లో ఆంటోనీ వేస్తే విమర్శకులు చీల్చి చెండాడారు. దెబ్బ తిని ఇంట్లో కూర్చోలేదు, 2001లో లిండ్సే డంకన్‌తో 'ప్రైవేట్ లైవ్స్' వేసి బ్రాడ్‌వే దాకా తీసుకెళ్లాడు, రెండో టోనీ నామినేషన్. 2005లో రాయల్ కోర్ట్ థియేటర్‌లో, గాజాలో బుల్డోజర్ కింద పడి చనిపోయిన అమెరికన్ అమ్మాయి రేచల్ కోరీ డైరీలు, ఈమెయిళ్లు తీసుకుని, జర్నలిస్టు క్యాథరిన్ వైనర్‌తో కలిసి నాటకంగా కూర్చి తానే దర్శకత్వం వహించాడు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో వేయాల్సిన థియేటర్ వెనకడుగు వేస్తే ఊరుకోలేదు, నోరు విప్పి గట్టిగానే మాట్లాడాడు. 2011లో, అరవై అయిదు దాటాక, మళ్లీ బ్రాడ్‌వే. రెండు సినిమాలకు దర్శకుడు కూడా, 'ది వింటర్ గెస్ట్', 'ఎ లిటిల్ కేయాస్'. తనకు సీటిచ్చిన రాడాలో ఏళ్ల తరబడి కౌన్సిల్ సభ్యుడిగా, వైస్ చైర్మన్‌గా కూర్చున్నాడు.

పెళ్లి సంగతి కూడా చెప్పకపోతే మా వాళ్లు ఊరుకోరు. రీమా హోర్టన్‌తో పరిచయం 1965లో, ఆయనకు పందొమ్మిదేళ్లు. ఆమె ఎకనామిక్స్ లెక్చరర్‌గా చేసింది, లేబర్ పార్టీ తరఫున కెన్సింగ్టన్, చెల్సీలో కౌన్సిలర్‌గా ఉండేది. పెళ్లి చేసుకున్నది 2012లో, న్యూయార్క్‌లో, ఎవరినీ పిలవకుండా. పెళ్లయ్యాక బ్రూక్లిన్ వంతెన మీద నడిచి వెళ్లి భోజనం చేశారట. నలభై ఏడేళ్ల తర్వాత తాళి కట్టాడని మా అత్తగారికి చెప్తే, ఇంకేం తొందరొచ్చిందో అంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను.

2036లో మీ ముందుకు ఈ పేరు వస్తుంది, అందులో నాకు అనుమానం లేదు. అప్పుడు ఏ గోడకు పెట్టాలన్నది ప్రశ్న. బడులు, థియేటర్లు, చర్చిలు మీరు సాధారణంగా ఒప్పుకోరు, అక్కడ చాలామంది పేర్లు ముడిపడి ఉంటాయి కాబట్టి, సబబే. అంటే లాటిమర్ పోయింది, రాడా పోయింది, రాయల్ కోర్ట్ పోయింది. ఇక మిగిలేవి ఆ డిజైన్ స్టూడియో, పెద్దయ్యాక ఆయన బతికిన పశ్చిమ లండన్ ఇల్లు, చిన్నప్పటి యాక్టన్ కౌన్సిల్ ఇల్లు. పేరొచ్చాక ఉన్న ఇంటికే మొగ్గు చూపుతారని నాకు భయం, ఎందుకంటే అది సులువు, వీధి అందంగా ఉంటుంది, ఆవిష్కరణ రోజు ఫొటోలు బాగా పడతాయి.

కానీ మీరే ఒకసారి మంచి పని చేశారు. క్వీన్ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ. ఆయనకు కెన్సింగ్టన్‌లో గోడ చుట్టూ అభిమానులు రాతలు రాసిన పెద్ద భవంతి ఉండేది. మీరు 2016లో ఫలకం పెట్టింది మాత్రం ఫెల్తమ్‌లో గ్లాడ్‌స్టోన్ అవెన్యూలో ఉన్న మామూలు ఇంటికి, జాంజిబార్ నుంచి వచ్చాక వాళ్ల అమ్మానాన్నలు కొనుక్కున్న ఇంటికి. ఫెల్తమ్ అంటే మా తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు, హీత్రో చుట్టుపక్కల ఉద్యోగాలకు వచ్చి అక్కడ అద్దెకు దిగినవాళ్లు ఎందరో. పార్సీ పిల్లవాడు ఎయిర్‌పోర్టులో సామాన్లు మోసిన రోజుల ఇల్లు అది. ఫ్రెడ్డీ పుట్టింది కూడా 1946లోనే, చదివింది కూడా గ్రాఫిక్ డిజైనే, ఈలింగ్ ఆర్ట్ కాలేజీలో. ఇద్దరూ ఇదే పశ్చిమ లండన్ గాలి పీల్చినవాళ్లు. ఒకరికి చిన్నింటి గోడ దొరికినప్పుడు రెండోవాళ్లకు ఎందుకు దొరక్కూడదు?

ఇంకో కారణం ఉంది, అది కాస్త రాజకీయం. నాన్న లేని కార్మిక కుటుంబంలో రెండో పిల్లవాడు రిక్‌మన్ ఎలా అయ్యాడంటే, కౌన్సిల్ ఇల్లు ఇచ్చింది, స్కాలర్‌షిప్ మంచి బడి ఇచ్చింది, ఆ కాలంలో పై చదువులకు స్థానిక ప్రభుత్వాలు గ్రాంట్లు ఇచ్చేవి. ఇవాళ లాటిమర్ ఫీజులు కట్టించుకునే ప్రైవేటు బడి. ఇంగ్లండ్‌లో 1998లో ఏడాదికి వెయ్యి పౌండ్లతో మొదలైన యూనివర్సిటీ ఫీజు 2025-26లో 9,535 పౌండ్లకు చేరింది. తెలివితేటల సంగతి తర్వాత, ఇవాళ యాక్టన్ ఎస్టేట్‌లో ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఆ మూడు మెట్లలో ఎన్ని మిగిలున్నాయో లెక్క చూడండి. ఈ కథ మొత్తం చెప్పగల గోడ ఒక్కటే ఉంది.

అయితే ఆ గోడ 2036 దాకా ఉంటుందా అన్నది నా టెన్షన్. స్క్రబ్స్ మైదానం ఉత్తరపు అంచున నిలబడి చూస్తే ఇవాళ కనిపించేవి క్రేన్లు. ఓల్డ్ ఓక్ కామన్‌లో హెచ్‌ఎస్2 అనే హైస్పీడ్ రైలుకు స్టేషన్ కడుతున్నారు, మొత్తం పద్నాలుగు ప్లాట్‌ఫారాలు, అందులో ఆరు భూమి లోపల. దాని చుట్టూ ఒక డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పెట్టి పాతిక వేల దాకా కొత్త ఇళ్లు ప్లాన్ చేశారు. నేను దానికి వ్యతిరేకిని కాను, ఇళ్లు కావాలి, మా పిల్లలకే కావాలి. కానీ స్క్రబ్స్‌కు పడమర వైపున్న పాత వీధులు, ఆ పని జరిగే చోటికి కూతవేటు దూరంలో ఉన్నాయి. కూల్చకపోయినా, కిటికీలు మార్చి, గోడలకు కొత్త పూత వేసి, పక్కకు గది పెంచి గుర్తుపట్టకుండా చేసేయొచ్చు. మీ నిబంధన ఏమంటుంది? ఆ మనిషి వచ్చి చూస్తే గుర్తుపట్టేలా ఇల్లు మిగిలి ఉండాలంటుంది. ఒకవైపు ఇరవై ఏళ్లు ఆగమంటారు, ఇంకోవైపు ఇల్లు నిలిచి ఉండాలంటారు. ఆగేది మీరు, నిలబడాల్సింది ఇల్లు. పెద్ద దొరల ఇళ్లయితే చట్టం కాపాడుతుంది, కౌన్సిల్ ఇళ్లను కాపాడేది ఎవరు?

ఇది మీకు కొత్త అనుభవం కూడా కాదు. మీ పథకంలో మొట్టమొదటి ఫలకం 1867లో కవి బైరన్ పుట్టిన హోలిస్ స్ట్రీట్ ఇంటికి పెట్టారు. 1889లో ఆ ఇంటినే కూల్చేశారు. ఫలకం ఉండగానే పోయిన ఇల్లది. ఫలకం లేని ఇంటి గతి చెప్పాలా?

కాబట్టి నేను అడిగేది ఫలకం కాదు. నిబంధన సడలించమని అడగడం లేదు, ఇరవై ఏళ్ల ఆలస్యం మంచిదే, అభిమానం చల్లారాక కూడా పేరు నిలిస్తేనే గోడెక్కాలి. నేను అడిగేది ఒక ఫైలు. మీ దగ్గర చరిత్రకారులున్నారు, పాత ఓటర్ల జాబితాలు, డైరెక్టరీలు తిరగేసి ఎవరు ఏ ఇంట్లో ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా ఉన్నారో తేల్చడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. 1950ల నాటి కౌన్సిల్ కాగితాలు ఎక్కడున్నాయో ఇప్పుడే వెతికించండి. ఆ కుటుంబం ఒకటి కంటే ఎక్కువ ఇళ్లలో ఉంది కాబట్టి ఏది ఎప్పుడన్నది తేలాలి. ఆ ఎస్టేట్‌లో ఆ పిల్లలతో కలిసి ఆడుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకిప్పుడు డెబ్బై అయిదు, ఎనభై ఉంటాయి. 2036లో వెళ్లి తలుపు తడితే మనవలు తీస్తారు. ఇప్పుడు వెళ్తే వాళ్లే తీసి, మార్గరెట్ పొద్దున్నే పనికి ఏ దారిన వెళ్లేదో, నాన్న పోయిన ఏడాది ఆ ఇంట్లో ఎవరు వండిపెట్టేవాళ్లో చెప్తారు. ఓటర్ల జాబితాలో అవి దొరకవు. ఇంటిని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయించండి. ఈలింగ్ కౌన్సిల్‌కూ, ఆ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌కూ ఒక ఉత్తరం ముక్క పంపండి, ఫలానా చోట ఏదైనా తలపెడితే ముందు మాతో ఒక మాట చెప్పండి అని. అంతే.

ఫలకం మీద ఏం రాయాలో కూడా ఇప్పుడే చెప్పేస్తాను, అప్పటికి నేను ఎక్కడ ఉంటానో. నటుడు, దర్శకుడు, చిన్నతనంలో ఇక్కడ ఉండేవాడు. అంతకు మించి ఒక్క పాత్ర పేరు కూడా వద్దు. అందరికీ తెలిసిన పేరు పెడితే పిల్లలు ఎక్కువమంది వస్తారని ఎవరో ఒకరు మీటింగులో అంటారు, ఒప్పుకోకండి.

చివరిగా ఒక జాగ్రత్త. ఇల్లు ఖాయంగా తేలాక నంబరు మీ ఫైల్లోనే ఉంచండి, బయటపెట్టకండి. 2016లో ఆయన పోయినప్పుడు కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో, హ్యారీ పాటర్ కథలోని తొమ్మిదీ ముప్పావు ప్లాట్‌ఫారం దగ్గర పూలు ఎలా పోగుపడ్డాయో గుర్తుందిగా. ఆ జనం ఒక చిన్న కౌన్సిల్ వీధిలో దిగితే అక్కడ కాపురం ఉంటున్నవాళ్లు తట్టుకోలేరు, వాళ్లకు రిక్‌మన్ ఎవరో కూడా తెలియకపోవచ్చు, తెలియాల్సిన పనీ లేదు. నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లు ఉంటారు, పసిపిల్లల తల్లులు ఉంటారు. ఇంటి యజమాని ఒప్పుకోనిదే మీరు మేకు కొట్టరు, అది మంచి పద్ధతి, కానీ కౌన్సిల్ ఇంటికి యజమాని సంతకం అంటే ఆఫీసులో పడే సంతకం. అది చాలదు. లోపల ఉన్నవాళ్లను కూడా అడగండి, వాళ్లు వద్దంటే ఎస్టేట్ మొదట్లో గోడ ఏదైనా చూడండి.

ఇట్లు,
యాక్టన్ నుంచి ఒక తెలుగు ప్రేక్షకుడు